కొత్త రాట్నం పెట్టాలా, పాతదానికి నూనె వెయ్యాలా?

పోయిన సంచికలో పెళ్ళిళ్ళలో పెట్టుపోతల గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మెత్తగా చీవాట్లు పెట్టారు. రెండూ నెత్తిన పెట్టుకున్నాను. ఈసారి అందరికీ హాయిగా ఉండే సంగతి రాద్దామని పిల్లలు ఆడుకునే పార్కుల మీద కలం పట్టాను. తీరా చూస్తే ఇదీ డబ్బు దగ్గరికే వచ్చి ఆగింది. సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మన సోలాపూర్ వాళ్ళకు ఏ మాట మొదలుపెట్టినా చివరికి నూలు ధర, వడ్డీ లెక్క దగ్గరే కదా తేలేది!

సంగతి ఏమిటంటే, మా గల్లీలో పద్నాలుగు మంది ఆడవాళ్ళం కలిసి నెలనెలా భిశీ వేసుకుంటాం. సగానికి పైగా బీడీలు చుట్టేవాళ్ళు. మిగిలినవాళ్ళలో కార్ఖానాల్లో కండెలు చుట్టేవాళ్ళు కొందరు, నాలాగా ఇంటి కార్ఖానా లెక్కలు రాసేవాళ్ళు కొందరు. అందులోంచి కొంత పక్కకు తీసి, ఏడాదికోసారి పిల్లాపాపలతో ఒక ఊరు పోయి రావడం ఆనవాయితీ. తుల్జాపూర్, పండరిపురం, అక్కల్‌కోట, గాణగాపూర్ అన్నీ అయిపోయాయి. ఈ ఏడు పిల్లలు అడ్డం తిరిగారు. "ఇమాజికా పోదాం" అని ఒక జట్టు, "కాదు, హైదరాబాద్‌ల వండర్‌లా పోదాం" అని ఇంకో జట్టు. నెల రోజులు గల్లీలో ఇదే పంచాయితీ.

వెనకటి పిల్లలకు సినిమాలు, క్రికెట్ ఎలాగో ఇప్పటి పిల్లల్లో కొందరికి పార్కులు అలాగ. ఏ రైడ్ ఏ ఏట పెట్టారు, ఎంత ఎత్తు, ఏది మూసేస్తారు, దాని జాగాలో ఏం వస్తుంది, కంపెనీ ఎన్ని కోట్లు పెట్టింది, అన్నీ వాళ్ళకు నోటి లెక్కలే. మా మరిది కొడుకు ఇందులో ఘనుడు. ఐటీఐ చదివి మా ఇంటి కార్ఖానాలోనే సాంచాలు చూసుకుంటాడు. సాయంత్రం షిఫ్టు మారే వేళ వాడూ, వాడి దోస్తులూ చాయ్ గ్లాసులు పట్టుకుని వాదన మొదలుపెడితే రాత్రి షిఫ్టువాళ్ళు కూడా నిలబడి వినేవారు.

మా అత్తమ్మ మాత్రం మొదటి రోజే తేల్చేసింది. "సంక్రాంతికి మనకు గడ్డా ఉండంగ, మూడు నూర్ల కిలోమీటర్లు పోయి ఝూలా ఎక్కుడేందే?" అంది.

బయటి ఊళ్ళ పాఠకుల కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుల పేర మా ఊళ్ళో ప్రతి సంక్రాంతికి జాతర జరుగుతుంది. ఏడు నందిధ్వజాలు ఊరేగుతాయి, అరవై ఎనిమిది లింగాలకు తైలాభిషేకం, అక్షత వేడుక, హోమం, చివరికి బాణసంచా. ఆ రోజుల్లో గుడి పక్కన హోం మైదానంలో అంగళ్ళు, పెద్ద పెద్ద రాట్నాలు, మౌత్ కా కువా, ఒకటేమిటి, అన్నీ వెలుస్తాయి. దాన్నే మేం గడ్డా అంటాం. తాతల నాటి నుంచి మా వాడల పిల్లలకు మొదటి పార్కు అదే. 2021లో కరోనా మూలంగా గడ్డా లేకపోతే ఊరికి సంక్రాంతే రానట్టు అనిపించింది.

అత్తమ్మ మాటను పిల్లలు నవ్వి కొట్టిపారేశారు గాని, నేను లెక్కలు రాసే మనిషిని గనుక ఆలోచించాను. గడ్డాలో రాట్నం తెచ్చేవాడు దాన్ని లారీల మీద వేసుకుని జనం ఎక్కడ ఉంటే అక్కడికి పోతాడు. ఇక్కడ జాతర అయిపోతే ఇంకో ఊరి జాతరకు కదులుతాడు. వాడి పెట్టుబడికి కాళ్ళున్నాయి. పెద్ద పార్కు అలా కాదు. దాని పెట్టుబడి భూమిలో దిగిపోయి ఉంటుంది. జనమే వెతుక్కుంటూ రావాలి. ఆదివారాలు, సెలవుల్లో కిటకిటలాడినా సోమవారం నుంచి శుక్రవారం దాకా, కుండపోత వానల్లో, పరీక్షల నెలల్లో రాట్నాలు ఖాళీగానే తిరగాలి. సాంచా ఆగితే చప్పుడు ఆగుతుంది గాని వడ్డీ ఆగదని మనకు వేరే చెప్పాలా?

ఇమాజికా కథ అచ్చంగా ఇదే. ముంబై, పుణె నడుమ ఖోపోలీ దగ్గర, కొండల అంచున 2013 ఏప్రిల్‌లో దాన్ని తెరిచారు. సినిమా రంగంలో అడ్లాబ్స్ సంస్థతో పేరు తెచ్చుకున్న మన్మోహన్ శెట్టి కన్న కల అది. మన దేశంలోనూ విదేశాల స్థాయి పార్కు ఉండాలని సుమారు 1,600 కోట్ల రూపాయలు పెట్టారు. నైట్రో అనే పెద్ద రోలర్ కోస్టర్ పెట్టారు. అందులో కూర్చుంటే కాళ్ళ కింద నేల ఉండదట, కాళ్ళు గాలిలోనే వేలాడతాయట. 2014లో వాటర్ పార్కు, 2015లో హోటల్, 2016లో మంచు పార్కు తోడయ్యాయి. మెచ్చుకోవలసిన సాహసమే. కానీ అందులో అప్పు పాలు ఎక్కువ. 2015లో జనానికి ఒక్కో షేరు 180 రూపాయలకు అమ్మారు. అనుకున్నంత మంది పార్కుకు రాలేదు, అప్పు వెయ్యి కోట్లు దాటింది, షేరు ధర 2020 నాటికి పది రూపాయల లోపుకు జారింది. పైగా కరోనా వచ్చి గేట్లు మూయించింది. చివరికి అప్పులిచ్చిన బ్యాంకులతో ఒప్పందం కుదిరి, 2022లో సంగమ్‌నేర్‌కు చెందిన మాల్‌పాణీ వాళ్ళ చేతికి పార్కు వెళ్ళింది. షిర్డీలో వాటర్ పార్కు, సాయి తీర్థ్ నడిపిన అనుభవం వాళ్ళది.

ఈ కథంతా నాకు చెప్పింది మా మరిది కొడుకే. అంతా చెప్పి కూడా వాడు ఇమాజికా పక్షమే! "పెద్దమ్మా, అప్పు చేసినోళ్ళది తప్పైతె కావచ్చు గని, నైట్రోది ఏం తప్పు? గసొంటిది ఇంకోటి పెడితెనే జనం మల్లొస్తరు" అంటాడు. వాడి దోస్తు ఒకడు ఒప్పుకోడు. "కొత్తది తర్వాత. ఉన్నయి అన్నీ పొద్దటి నుంచి సాయంత్రం దాకా నడవాలె. మూడు నూర్ల కిలోమీటర్లు పోయినంక ఏదన్న ఒక్క దాని మీద 'బంద్' అని బోర్డు కనబడితె పానం ఉసూరుమంటది" అంటాడు. ఇది ఏ ఒక్క పార్కు మాటా కాదు, అన్నిటికీ వర్తించేదే. ఇంత బరువైన యంత్రాలను రోజూ పొద్దున్నే మనుషులు లేకుండా ఖాళీగా తిప్పి చూశాకే జనాన్ని ఎక్కిస్తారట. ఆ పరీక్షలో ఏ చిన్న తేడా వచ్చినా ఆపవలసిందే. అలా ఆపేవాడే మంచివాడు. మన దగ్గర పట్టె కొంచెం అరిగిందని తెలిసీ సాంచా నడిపితే పోయేది బట్ట. అక్కడ పోయేది ప్రాణం.

అన్నిటికన్నా పెద్ద గొడవ మిస్టర్ ఇండియా మీద అయింది. ఇమాజికా తెరిచిన నాటి రైడ్‌లలో ఒకటి 1987 నాటి ఆ హిందీ సినిమా పేర ఉంది. "ఈ కాలం పోరగాండ్లకు మొగాంబో ఎవరో ఏం తెలుసు? అది తీసి ఇంకేదన్న పెట్టాలె" అని కుర్రవాళ్ళు. వెంటనే మా ఇంటాయన, ఎదురింటి కాక ఒక్కటయ్యారు. "శ్రీదేవి మన తెలుగు సినిమాలల్ల పెరిగిన పిల్ల. ఆమె సినిమా మీద చెయ్యి వేస్తె ఊకుంటమా?" అని కాక లేచాడు. ఇంతవరకు ఆయన ఆ పార్కు గేటు చూసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి!

నవ్వకండి. ఇలాంటి పోట్లాటలు అమెరికాలో ఇంకా ఘాటుగా జరిగాయి. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ పార్కులో 1971 నుంచి మిస్టర్ టోడ్ అనే కప్ప దొర బండి రైడ్ ఒకటి ఉండేది. దాన్ని తీసేస్తారని తెలిసి అభిమానులు చొక్కాలు అచ్చు వేయించుకుని పార్కులోనే గుమిగూడి నిరసన తెలిపారు. అయినా 1998లో దాన్ని మూసేశారు. మరుసటి ఏడాది ఆ జాగాలో విన్నీ ద పూ అనే ఎలుగుబంటి పిల్ల రైడ్ వచ్చింది. మొన్న 2025 జూలైలో అక్కడే, ఎన్నో ఏళ్ళుగా పడవ తిరిగిన వాగును మూసి, కార్ల సినిమా పేర కొత్తవి కట్టడం మొదలుపెట్టారు. దానికీ బోలెడు కన్నీళ్ళు. పదేళ్ళలో పార్కుల మీద, ఓడల మీద 6,000 కోట్ల డాలర్లు పెడతామని 2023లో ప్రకటించిన కంపెనీ అది. అంత డబ్బున్నవాళ్ళకే పాత జ్ఞాపకం ఒక తట్టలో, కొత్త ఆకర్షణ ఒక తట్టలో పెట్టి తూచడం కష్టంగా ఉంటే మిగిలినవాళ్ళ మాట చెప్పేదేముంది?

ఇక రెండో జట్టు వాదన వినండి. వండర్‌లా వాళ్ళది వేరే దారి. వీ-గార్డ్ స్టెబిలైజర్ల కంపెనీ పెట్టిన కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్ళి 2000లో కొచ్చిలో వీగాలాండ్ అనే పేరుతో మొదటి పార్కు తెరిచారు. అది నిలదొక్కుకున్నాక 2005లో బెంగళూరు. 2014లో షేర్లు అమ్మి, ఆ డబ్బు తోడుగా 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో మూడోది. దానికి సుమారు 250 కోట్లు. తరువాత 2024లో భువనేశ్వర్, 2025 డిసెంబరులో చెన్నై. ఒకటి కుదురుకున్నాకే ఇంకోటి. కొన్ని రైడ్‌లు తమ సొంత వర్క్‌షాపులోనే తయారు చేసుకుంటారు. మన పాత మాస్టర్లు బయటి మిస్త్రీ కోసం ఎదురు చూడకుండా జకార్డును తామే విప్పి తామే బిగించుకున్నట్టు.

"చూసినవా? నెమ్మదిగ పోయినోడే నిలబడ్డడు" అన్నాను నేను. మా వాడు ఊరుకుంటాడా!

"పెద్దమ్మా, నెమ్మది నెమ్మది అనుకుంటనే గద మన చాదర్ ఆగమైంది. పాత డిజైన్లే నేసుకుంట కూసున్నం. పానిపట్టోళ్ళు మెత్తటి మింక్ కంబళ్ళు తెచ్చి దుకాణాలు నింపిన్రు. కొందరు మన చాదర్‌కే నకలు తీసి మన ఊరి పేరు పెట్టి అమ్ముతున్రు. జీఐ వచ్చి ఏం లాభం? కొత్తది పెట్టనోనికి పాతది కూడ మిగలదు" అన్నాడు.

ఈ మాటకు గల్లీ అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎందుకంటే అందులో నిజం ఉంది. 1877లో మొదటి మిల్లు లేచిన ఊరు మనది. ఆ మిల్లూ లేదు, దాని వెనక వచ్చిన పెద్ద మిల్లులూ మూతపడ్డాయి. సోలాపూర్ చాదర్‌కు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చినా సాంచాలు మాత్రం చాలా చోట్ల తాతల కాలం షటిల్ సాంచాలే. మార్పు వద్దని గట్టిగా కూర్చున్నవాడికి పార్కైనా, కార్ఖానా అయినా ఒక్కటే గతి. ముంబైలో 1989లో తెరిచిన ఎస్సెల్‌వరల్డ్ ప్రకటన పాట మన పిల్లలందరి నోళ్ళలో ఆడేది. అంత పేరున్నది ఇవాళ మూతపడి ఉంది. ఢిల్లీ అప్పూఘర్ 1984లో వచ్చి 2008లో పోయింది. పేరుంటే చాలు, జనం ఎప్పటికీ వస్తారనుకోవడానికి లేదు.

మా వాడి ఆవేశం వెనక ఇంకో సంగతి ఉంది. అది నాకు తెలుసు, మా ఇంటాయనకూ తెలుసు. వాడు రేపియర్ సాంచాలకు ధర అడిగి వచ్చి రెండు నెలలైంది. ఎనిమిది సాంచాలకు లెక్క వేయించుకుని, ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టాడు. ఇల్లు కుదువ పెడితే గాని ఆ అప్పు పుట్టదు. 1999లో కేంద్రం మొదలుపెట్టిన టెక్నాలజీ అప్‌గ్రెడేషన్ పథకంలో ఒకప్పుడు కొత్త యంత్రాలకు సాయం దొరికేది. అది 2022 మార్చితో ముగిసింది. కాబట్టి నెల రోజులుగా వాడు "కొత్త రైడ్ పెట్టాలె" అన్నప్పుడల్లా నా చెవికి "కొత్త సాంచా పెట్టాలె" అనే వినబడుతూ వచ్చింది. మా ఇంటాయన "ఉన్నదాన్ని సరిగ్గ నడపాలె" అన్నప్పుడల్లా వాడికీ అలాగే వినబడి ఉంటుంది. ఇంట్లో నేరుగా అనుకుంటే మనసులు నొచ్చుకునే మాటలు పార్కు పేరు పెట్టి అనుకున్నారు. అందుకే ఈ వాదన నాకు పిల్లల ఆట అనిపించలేదు.

చిక్కుముడి విప్పింది మాత్రం బీడీలు చుట్టే మా వదినె. పార్కులు, షేర్లు ఏమీ తెలియని మనిషి. చేటలో ఆకు కత్తిరిస్తూ అడిగింది: "ఒక్క టికెట్టుకు ఎన్ని బీడీలు చుట్టాలె?" ఇమాజికాకైనా, వండర్‌లాకైనా పెద్దవాళ్ళ టికెట్టు వెయ్యి దాటిన మాటే. అందులో ప్రభుత్వానిదీ వాటా ఉంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కులకు 28 శాతం వేశారు. గగ్గోలు పుట్టాక 2018 జనవరిలో 18కి తగ్గించారు. ఎంత తగ్గినా, రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషికి ఒక్క టికెట్టంటే నాలుగైదు రోజుల కూలి. ఇంట్లో నలుగురుంటే నెలలో మూడు వారాలు. "గంత కష్టం పెట్టి పోయినంక నాకు కొత్తది పాతది తెల్వదు. ఎక్కినయి అన్నీ నడవాలె, పిల్లలు మల్ల పోదమనాలె, మల్ల పోయేటందుకు నా దగ్గర పైసలు మిగలాలె. గంతే" అంది.

ఆ 'మల్ల' అన్న మాట దగ్గరే ఉంది కీలకం అంతా. కొత్త ఆకర్షణ మనిషిని ఒకసారి రప్పిస్తుంది. రెండోసారి రప్పించేది శుభ్రంగా నడిచే యంత్రం, అందుబాటులో ఉన్న ధర. మొదటిసారి వచ్చినవాడి డబ్బంతా వడ్డీకే పోతే రెండోసారికి నూనె పోయడానికి చిల్లి గవ్వ ఉండదు. నూనె పోయకపోతే బోర్డు వేలాడుతుంది, బోర్డు చూసినవాడు మళ్ళీ రాడు. ఇమాజికా విషయంలో రైడ్‌లు చెడ్డవని ఎవరూ అనలేదు. ఏటా వస్తారనుకున్న జనానికీ, ఏటా కట్టవలసిన వడ్డీకీ పొంతన కుదరలేదు. అంతే తేడా.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా వాడికి ఇదే చెప్పాను. "బిడ్డా, కొత్త సాంచా వద్దని ఎవరూ అనరు. నువ్వు పెట్టకపోతె ఎవరు పెడ్తరు? గని ఎనిమిది వద్దు. నెలకు ఎంత కిస్తు కట్టాలె, ఆర్డర్లు లేని నెలల్ల ఎట్ల కట్టాలె, విడి భాగాలకు ఎంత పక్కకు పెట్టాలె, ఈ మూడు లెక్కలు రాసి తీసుకురా. ఎన్ని సాంచాలకు లెక్క సరిపోతదో గన్నే కొందము."

వాడు మూడు రోజులు ఎవరితో మాట్లాడలేదు. నాలుగో రోజు కాగితం తెచ్చాడు. ఎనిమిది కాస్తా రెండయింది. ఇల్లు కుదువ పెట్టనక్కర లేదు, భిశీ ఎత్తు, నా గాజులు రెండు సరిపోతాయి. కాగితం చివర తనంతట తానే ఒక వరస రాశాడు: పాత సాంచాల మరమ్మతుకు నెలకు ఇంత అని. మా ఇంటాయన ఆ వరసను రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు.

విహారం సంగతి కూడా తేలింది లెండి. భిశీ ఆడవాళ్ళందరం చేతులెత్తి ఓట్లు వేశాం. దసరా సెలవుల్లో వండర్‌లా. గెలిపించింది రైడ్‌ల గొప్పా కాదు, కంపెనీ లెక్కలూ కాదు. మాలో చాలామందికి హైదరాబాద్‌లో అన్నదమ్ములో, ఆడబిడ్డలో ఉన్నారు. రాత్రి పడకకు లాడ్జి ఖర్చు లేదు, వచ్చేటప్పుడు పచ్చడి సీసాలు కూడా దొరుకుతాయి. ఓడిపోయిన జట్టుకు వచ్చే ఏడు ఇమాజికా అని మాట ఇచ్చాం. సంక్రాంతికి గడ్డా ఎలాగూ ఉండనే ఉంది. దానికి ఓటింగ్ అక్కర్లేదని అత్తమ్మ ముందే చెప్పేసింది.

మరి మీ వాడల్లో పిల్లలు ఏమంటున్నారు? పార్కువాళ్ళు ముందు కొత్త రాట్నం పెట్టాలా, పాతదానికి నూనె వెయ్యాలా? మీ ఇంట్లో సాంచాల మీద ఈ వాదన జరిగి ఉంటే అది కూడా రాయండి. పేరు వద్దంటే వెయ్యను. వచ్చే సంచికలో మీ ఉత్తరాలతోనే కలుసుకుందాం.